నాకిస్తే తీసుకుంటానా?

మా చెల్లెలు అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హ్యారిస్‌బర్గ్ దగ్గర ఉంటుంది. 2025 జనవరి మొదటివారంలో ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, నీ కూతురు ఇవాళ కొట్లో నా పరువు తీసింది" అంది. నా కూతురంటే దాని కూతురే. మంచి పని చేస్తే తన కూతురు, అల్లరి చేస్తే నా కూతురు!

సంగతేమిటంటే, వాళ్ళుండే చోటికి దగ్గర్లోనే హెర్షీ అనే ఊరుంది. చాక్లెట్ల హెర్షీ అదే. ఆ ఊరి హాకీ జట్టు ఏటా ఒక ఆట రోజున, చూడ్డానికి వచ్చేవాళ్ళందర్నీ తలా ఒక టెడ్డీబేర్‌ తెమ్మంటుంది. అవన్నీ పిల్లలకి పంచుతారు. మా చెల్లెలు కూతుర్ని తీసుకుని బొమ్మల కొట్టుకెళ్ళి, తగ్గింపు ధరల బుట్టలోంచి ఒకటి తీసింది. దాని కన్ను ఒకటి కాస్త పక్కకి జారి ఉందట. "ఎలాగూ ఎవరికో ఇచ్చేదేగా" అనుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది నాకిస్తే నేను తీసుకుంటానా?" అని గట్టిగా అడిగిందట. పక్కనే ఉన్న తెలుగావిడ విని ఫక్కున నవ్వింది. పరువు పోవడమంటే అదీ!

చెల్లెలు నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ ఆట సంగతి చెప్పనివ్వండి.

మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు ఇది. మంచుగడ్డ మీద, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని ఆడేది. బంతి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. హెర్షీ జట్టు పేరు బేర్స్, అంటే ఎలుగుబంట్లు. వీళ్ళు పెద్ద లీగ్‌లో ఆడరు. దానికి ఒక మెట్టు కింద ఉండే అమెరికన్ హాకీ లీగ్‌లో 1938 నుంచీ ఆడుతున్నారు. సొంత జట్టు మొదటి గోలు కొట్టగానే, చుట్టూ కూర్చున్న జనమంతా లేచి తెచ్చిన బొమ్మల్ని మంచు మీదకి విసిరేస్తారు. చెల్లెలు పంపిన వీడియో చూశాను. పైనుంచి బొమ్మల వాన! కాసేపటికి మంచు కనిపించడం మానేసింది. ఆటగాళ్ళు ఆ కుప్పల్లో పడి చిన్నపిల్లల్లా దొర్లుతున్నారు. అవన్నీ ఎత్తి, మళ్ళీ ఆట మొదలు పెట్టడానికి చాలాసేపే పట్టిందట. ఒక్కరూ విసుక్కోలేదంది. చివరికి ఎవరు గెలిచారో అది చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ వేడుక వీళ్ళు కనిపెట్టింది కాదు. 1993లో కెనడాలో కామ్‌లూప్స్ అనే ఊళ్ళో, బ్లేజర్స్ అనే కుర్రాళ్ళ జట్టు మొదలుపెట్టింది. అక్కణ్ణించి ఊరూరా పాకింది. హెర్షీలో 2001 నుంచి చేస్తున్నారు. 2019లో 45,650 బొమ్మలు వచ్చాయి. 2023లో 67,309, 2024లో 74,599. 2025 జనవరి 5న, మా పిల్ల వెళ్ళిన ఆటలో, ఏకంగా 1,02,343! ఆ ఆటస్థలంలో పట్టేది పదివేల పైచిలుకు జనం. అంటే మనిషికి సుమారు పది బొమ్మలన్నమాట. కొందరు సంచుల కొద్దీ మోసుకొస్తారు. లెక్కపెట్టాక ఆ చుట్టుపక్కల స్వచ్ఛంద సంస్థలకి పంచుతారు. బడిపిల్లలకి తిండి సామాను అందించే కోకో ప్యాక్స్ అనే సంస్థ వాటిలో ఒకటి. చాక్లెట్లు చేసే ఊరి పక్కన కూడా తిండి చాలని పిల్లలున్నారా అని ఆశ్చర్యపోకండి. కలవారి దేశంలోనూ లేనివారుంటారు.

ఇలాంటి చిన్న లీగ్ జట్లకి ఊరితో ఇంత పొత్తు ఎందుకు? పెద్ద లీగ్ జట్లకొచ్చేలా వీళ్ళకి టీవీ వాళ్ళ డబ్బు రాదు. టిక్కెట్టు కొని వచ్చే ఊరివాళ్ళే ఆధారం. ఆటగాళ్ళా, నిలకడగా ఉండరు. బాగా ఆడినవాణ్ణి పెద్ద జట్టు పిలిస్తే మర్నాడే వెళ్ళిపోతాడు. నిలిచేది ఊరే. అందుకే ఆ జట్ల ఆటగాళ్ళు ఆస్పత్రుల్లో పిల్లల్ని చూడ్డానికి వెళతారు, బళ్ళకి వెళ్ళి కథల పుస్తకాలు చదివి వినిపిస్తారు. రొమ్ము క్యాన్సర్ పేరు మీద ఒకరోజు గులాబిరంగు చొక్కాలు వేసుకుని ఆడి, ఆట అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు ఆ పనికి ఇచ్చే జట్లు ఎన్నో. ఆట మధ్యలో లాటరీ టిక్కెట్లు అమ్మి, వచ్చినదాంట్లో సగం గెలిచినవాళ్ళకీ సగం సేవాసంస్థకీ ఇవ్వడం మరో పద్ధతి. ఇందులో స్వార్థం లేదనను. ఊరు మెచ్చితేనే కుర్చీలు నిండుతాయి. కానీ ఆ స్వార్థం వల్ల పదిమందికి మేలు జరుగుతుంటే దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

హెర్షీ జట్టు వెనక ఇంకో కథ ఉంది. అది మన ఆడవాళ్ళకి తెలియాలి. ఆ ఊరిని కట్టిన మిల్టన్ హెర్షీకీ, ఆయన భార్య క్యాథరిన్‌కీ పిల్లల్లేరు. పిల్లల్లేని ఆడదాన్ని లోకం ఎలా చూస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళిద్దరూ కలిసి 1909లో అనాథ పిల్లలకి ఒక బడి పెట్టారు. ఉండడానికి చోటు, తిండి, బట్టలు, చదువు, అన్నీ ఉచితం. ఆవిడ 1915లో పోయింది. 1918లో ఆయన తన ఆస్తిలో అధికభాగం ఆ బడి ట్రస్టుకి రాసిచ్చేశాడు. ఆ సంగతి పత్రికలకెక్కింది 1923లో! అయిదేళ్ళపాటు లోకానికి తెలీనే తెలీదు. ఆ బడిలో ఇప్పుడు రెండువేల మందికి పైగా పిల్లలున్నారు. హాకీ జట్టుని నడిపే కంపెనీ కూడా ఆ ట్రస్టుదే. మొదట్లో ఆ బడి తెల్లజాతి మగపిల్లలకే అన్న సంగతీ దాచకూడదు. ఆడపిల్లలకి దాని తలుపులు తెరుచుకునేసరికి 1970ల దశాబ్దం వచ్చింది. మంచిపనికి కూడా కళ్ళు తెరుచుకోవడానికి టైం పడుతుంది కాబోలు.

అయితే, "పిల్లలకి కావలసింది బొమ్మలా, అన్నమా?" అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. అన్నం ముందు. కానీ జబ్బుచేసి ఆస్పత్రి మంచం మీద పడుకున్న పిల్లకి మందొక్కటే చాలదని, పిల్లల్ని పెంచిన ఏ తల్లినడిగినా చెబుతుంది. నాకున్న అనుమానం వేరు. పోయినేడాది లెక్క ఈ ఏడాది దాటాలన్న యావలో పడితే, చూపంతా అంకె మీదకి పోతుంది. లక్ష దాటిందా లేదా అన్నదే మాట. అంకె పెంచడానికి కన్ను జారిన బొమ్మ అయినా పనికొస్తుంది. అది చేతికందిన పిల్ల ఏమనుకుంటుందో అంకె చెప్పదు. మా చెల్లెలు చెయ్యబోయింది అదే. ఆపింది ఆ తొమ్మిదేళ్ళ పిల్ల.

నాకు నవ్వు ఎందుకు రాలేదంటే, అదే పని నాలుగు నెలల ముందే నేనూ చేశాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల పేటలు నీళ్ళలో మునిగాయి కదా. మా మహిళామండలి తరఫున బట్టలు పోగుచేశాం. ఎన్ని మూటలో! అన్ని మూటలు చూసి మాకు భలే గర్వం. ఫొటో కూడా తీయించుకున్నాం. విప్పి సర్దుతుంటే తెలిసింది... హుక్కుల్లేని జాకెట్లు, చంకలో చిరిగిన చొక్కాలు, జిప్పు ఊడిన పిల్లల నిక్కర్లు, ఒంటి చెప్పు. ఎవరింటి నుంచి ఏది వచ్చిందో నేను చెప్పను. వెలిసిపోయిన రెండు నేతచీరలు మాత్రం నావి. బీరువాలో అడ్డంగా ఉన్నాయని రెండేళ్ళుగా అనుకుంటున్నవే. వరద రాగానే నాకు పుణ్యం గుర్తొచ్చింది!

పంచేటప్పుడు ఒకావిడ నా చీర చేతిలోకి తీసుకుంది. అంచు పట్టుకుని నలిపి చూసింది. మళ్ళీ మడతపెట్టి, జాగ్రత్తగా నా చేతికే ఇచ్చి, "తుడుచుకోడానికి గుడ్డలు మా ఇంట్లో బోలెడున్నాయమ్మా. బురదపట్టినవన్నీ అవేగా" అంది. కోపంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "చీర నాదే" అని చెప్పడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. ఎవరో ఇచ్చినట్టు ముఖం పెట్టుకుని పక్కన పడేశాను.

ఆవిడ ఇల్లు మునిగింది గానీ, తన అభిరుచీ తన అభిమానమూ మునగలేదు. మనం ఆ సంగతి మరిచిపోతాం. కష్టంలో ఉన్నవాళ్ళు ఏదిచ్చినా తీసుకోవాలనుకుంటాం. తీసుకోకపోతే "పొగరు" అంటాం. పనమ్మాయికి పాచిపోవడానికి సిద్ధంగా ఉన్న కూర పెట్టి, "తింటావా?" అని అడుగుతాం. అడిగాం కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటాం. ఆ పిల్ల వద్దనలేదనీ మనకి తెలుసు.

మన పెద్దవాళ్ళకి ఈ విషయం మనకన్నా బాగా తెలుసు. సంక్రాంతికి గుమ్మడికాయ దానమిచ్చేవాళ్ళు. లోపల కాసు పెట్టి, పైకి కనబడకుండా ఇస్తే గుప్తదానం. ఇచ్చే కాయ పుచ్చుదయితే అది దానమెలా అవుతుంది? మంచి కాయ ఏరి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి మరీ ఇచ్చేవాళ్ళు. హెర్షీ ఆటస్థలంలో నాకు నచ్చింది కూడా ఇదే. ఏ బొమ్మ ఎవరు విసిరారో ఎవరికీ తెలీదు. ఒకటి తెచ్చినవాళ్ళూ, సంచి నిండా తెచ్చినవాళ్ళూ ఒకే వానలో కలిసిపోతారు. బొమ్మ అందుకున్న పిల్ల ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు, ఎవరి పక్కనా ఫొటోకి నిలబడక్కర్లేదు. మనమేమో పది మంది రోగులకి అరటిపళ్ళు పంచి, పళ్ళకన్నా ఎక్కువ ఫొటోలు దిగుతాం.

మన ఊళ్ళవైపు మంచు మీద ఆడే జట్లు కనిపించవు. అక్కర్లేదు కూడా. కాలేజీ క్రికెట్ పోటీలున్నాయి, వినాయకచవితి పందిళ్ళున్నాయి, కాలనీ సంక్రాంతి ముగ్గుల పోటీలున్నాయి. జనం సరదాగా చేరే చోట "తలా ఒక కొత్త నోటుపుస్తకం తెండి" అంటే తెస్తారు. కొత్త తువ్వాలు అంటే తెస్తారు. పేర్లు రాసుకోవద్దు, మైకులో చదవొద్దు. ఒక డబ్బా పెడితే చాలు. ఎవరికిస్తామో వాళ్ళనే ముందు వెళ్ళి "ఏం కావాలి?" అని అడిగితే మరీ మంచిది.

వరద తర్వాత మా మండలిలో ఈ మాట ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు. చెల్లెలి ఫోన్ వచ్చాక ఎత్తాను. నా చీరల సంగతితో సహా చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, "ఒంటి చెప్పు మా ఇంటిదే. రెండోది ఎక్కడో పడిపోయుంటుందిలే అనుకున్నాను" అంది. అందరం నవ్వాం. ఆ నెలలో మా ఊరి బాలికల హాస్టల్‌కి వెళ్ళి వార్డెన్ని కాదు, పిల్లల్నే అడిగాం. బట్టలు అడుగుతారనుకున్నాం. "తలకి రాసుకోడానికి కొబ్బరినూనె, ఎవరిది వాళ్ళకి విడిగా దువ్వెన" అన్నారు. అరవై మందికి కొన్నాం. ఫొటో తీయలేదు.

ఇంతకీ మా పిల్ల ఏ బొమ్మ తీసుకెళ్ళిందని అడగలేదు కదూ మీరు? తనకి బాగా నచ్చిన గోధుమరంగుది కొనిపించి, ఆ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుందట. మర్నాడు విసిరే ముందు కాస్త తటపటాయించిందట కూడా. వాళ్ళమ్మ, "పోనీ ఉంచేసుకుంటావా?" అంటే, "వద్దు, ఇది నాకిస్తే నేను తీసుకుంటాను. అందుకే ఇచ్చేస్తున్నా" అందట.

ఈసారి చెల్లెలు "నా కూతురు" అనే చెప్పింది.