తెర మీద అమెరికా, ముంగిట్లో కులం

అమెరికా నల్లవారి కష్టాన్ని తెర మీద చూసి కంటతడి పెట్టడం తేలికే. ఏవా డువెర్నే 2016లో తీసిన 'థర్టీన్త్' డాక్యుమెంటరీని మన యౌవనస్థులు చూడాలి. బానిసత్వం రద్దయ్యాక జైళ్లు దాని పని ఎలా అందుకున్నాయో అందులో ఉంది. కానీ అక్కడే ఆగితే అది జాలే, న్యాయం కాదు.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళలోని ఒక బడికి వెళ్తే, అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని ఆయనను పరిచయం చేశారు. ముందు నొచ్చుకున్నా, ఆలోచించి ఆ మాట నిజమేనని ఒప్పుకున్నారు. ఆయనకు కనబడిన పోలిక చిట్గుప్పలో కూర్చున్న మనకు ఎందుకు కనబడదు? మన బీదర్ జిల్లాలోనే బసవకల్యాణం ఉంది. 12వ శతాబ్దంలో అక్కడ బ్రాహ్మణుడైన మధువరసు కూతురికీ చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ పెళ్లి చేసినందుకు తండ్రులిద్దరినీ చంపించారని శరణుల సంప్రదాయం చెబుతుంది. బాప్తిస్మం పొందిన మనం ఇవాళ్టికీ సంబంధం చూసేటప్పుడు కులమే అడుగుతున్నాం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పరిధిలోకి 1956లో సిక్కు దళితులు, 1990లో బౌద్ధ దళితులు వచ్చారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. ఇది అన్యాయమే. అయితే సంఘంలో కులాన్ని మోస్తూ ఢిల్లీని ఏ నోటితో నిలదీస్తాం?

అందుకే స్టాలిన్ కె. తీసిన 'ఇండియా అన్‌టచ్డ్' (2007) కూడా చూద్దాం. క్రైస్తవుల్లోని కులాన్నీ అది వదలలేదు. చూశాక ప్రసంగంతో సరిపెట్టకుండా లెక్క తీద్దాం: కమిటీలో ఎవరున్నారు? గుడి ఊడ్చేది ఎవరు? సమాధుల తోటలో ఎవరి పక్కన ఎవరికి చోటిస్తున్నాం? అద్దంలో ముఖం చూసుకుని వెంటనే మరచిపోయే మనిషి గురించి యాకోబు హెచ్చరించింది మనల్నే.