తెలుగు అక్షరాలు, అమావాస్య, ఒక సెట్టింగు

కారణం తెలియనప్పుడు తిథి మీదికి నెట్టేయడం మనవాళ్లకు అలవాటు. ఫీనిక్స్ బేలో ఈమధ్య అదే జరిగింది. ఇక్కడి ఒక తెలుగు సంఘం ఎన్నికలకు ఓటర్ల జాబితా ప్రెస్సుకు వెళ్తే, పేర్ల స్థానంలో బ్యాక్‌స్లాష్, యు, నాలుగేసి అంకెలూ అక్షరాలూ వచ్చాయి. తన పేరు చదవలేని ముసలాయనకు ఓటు పోయిందేమోనన్న భయం సహజమే. కానీ వెబ్‌సైటును అమావాస్య నాడు అప్‌గ్రేడ్ చేశారన్న మాట అన్నది ఇంజనీరింగ్ పట్టా ఉన్న పెద్దమనిషి!

అసలు సంగతి 2019 సెప్టెంబరుది. అప్పుడొచ్చిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 3.0లో, జేసన్ రాసే పనిని న్యూటన్‌సాఫ్ట్ అనే బయటి లైబ్రరీ నుంచి తీసి, మైక్రోసాఫ్ట్ తన సిస్టమ్ టెక్స్ట్ జేసన్‌కు అప్పగించింది. పాతది తెలుగును తెలుగుగానే రాసేది. కొత్తది ఇంగ్లీషు కాని అక్షరాలన్నిటినీ సంకేతాలుగా మారుస్తుంది. వెబ్ పేజీలోకి దొంగ కోడ్ దూరకుండా తీసుకున్న అతిజాగ్రత్త అది.

డేటా చెడలేదు. బ్రౌజరులో పేర్లు ఎప్పటిలాగే కనిపిస్తున్నాయి, ఎందుకంటే అది సంకేతాన్ని మళ్లీ అక్షరంగా చదువుకుంటుంది. ప్రెస్సువాళ్లు ఫైలును నేరుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచారు. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచరులో మొత్తాన్ని అంకెల్లో వేసినా మాటల్లో రాసినా సొమ్ము ఒకటే. 'ర' అన్నా 0సి30 అన్నా అంతే. ఖర్చులో మాత్రం తేడా ఉంది: యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, సంకేతంగా రాస్తే 6. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా ఉపగ్రహం మీద ఆధారపడ్డ ఊరికి ఇది చిన్న లెక్క కాదు.

"మావయ్యా, పాత లైబ్రరీయే పెట్టేద్దాం" అన్నాడు సైటు చూసే మా మేనల్లుడు. అందుకు వీలుంది, తప్పూ లేదు. అయితే కారణం కనుక్కోకుండా వెనక్కెళ్లడం శాంతి చేయించడం లాంటిదే. ఎన్‌కోడర్ సెట్టింగులో మామూలు ఇంగ్లీషు శ్రేణితో పాటు తెలుగు శ్రేణినీ అనుమతించమన్నాను. అన్నిటినీ వదిలేసే సడలింపు ఎన్‌కోడరూ ఉంది కానీ, దాని పేరులోనే 'అన్‌సేఫ్' అని మైక్రోసాఫ్టే పెట్టింది.

పేర్లు తిరిగొచ్చాయి. 'రాజ్‌కుమార్' మధ్యలో మాత్రం 200సి మిగిలింది. పొల్లు కింద వత్తు పడకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు అది. తెలుగు శ్రేణిలో ఉండదు, కాబట్టి విడిగా అనుమతించాలి. కనపడనిదే అయినా దానికి ఒక నంబరుంది, ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. అమావాస్య దోషానికి అలాంటి నంబరు ఏదైనా ఉంటే ఆ పెద్దమనిషి చెప్పాలి.