శిక్ష అని తేల్చేది ఎవరు?

ఆదరణ కూడికల్లో ఈ మాట చెవిన పడని తెలుగు క్రైస్తవుడు ఉండడు: “ఇది దేవుని చిత్తం. తోటమాలి తనకు నచ్చిన పువ్వు కోసుకున్నాడు.” పసిబిడ్డ శవపేటిక పక్కన నిలబడి మరీ అంటారు. కాదంటే దేవుని సార్వభౌమత్వాన్నే కాదన్నట్టని నేర్పారు కాబట్టి అందరూ తల ఊపుతారు. అలా నేర్పడమే తప్పు. విపత్తు వెనక దేవుని ఉద్దేశం మనకు తెలుసనుకుంటే ఏమవుతుందో చరిత్రలోనే ఉంది.

1755 నవంబరు 1 ఉదయం లిస్బన్‌లో భూమి కంపించింది. సకల పరిశుద్ధుల పండుగ. బలిపూజకు వచ్చిన జనంతో చర్చిలు కిటకిటలాడుతున్నాయి. కప్పులు కూలింది భక్తుల మీదే. పండుగకు వెలిగించిన కొవ్వొత్తులే ఊరికి నిప్పంటించాయి. నది ఒడ్డుకు పరుగెత్తినవాళ్లను అలలు మింగేశాయి. మరుసటేడు గాబ్రియేల్ మలాగ్రిడా అనే జెసూట్ గురువు కరపత్రం వేశాడు: ఇది ప్రకృతి పని కాదు, పాపాలకు శిక్ష. పూజకొచ్చినవాళ్ల నెత్తిన గుడి కూల్చడం ఏం శిక్షో! పోర్చుగల్ మంత్రి పొంబాల్ మాత్రం చర్చి పారిష్‌లన్నిటికీ ప్రశ్నలు పంపించాడు. కంపం ఎంతసేపుంది? ఎందరు పోయారు? సముద్రం ముందు పొంగిందా, వెనక్కి తగ్గిందా? (పొంబాల్ పుణ్యాత్ముడేమీ కాదు, 1761లో మలాగ్రిడా మరణశిక్ష వెనక ఆయన చెయ్యి ఉంది.) అయినా ఆ ప్రశ్నల్లో ఉన్న వినయం కరపత్రంలో లేదు.

శిక్ష సిద్ధాంతానికి బైబిలు మద్దతూ అంతంతమాత్రమే. సిలోయము గోపురం కూలి 18 మంది చస్తే, వాళ్లు తక్కిన యెరూషలేము వాళ్లకంటే పాపులేం కాదన్నాడు యేసు. మారుమనస్సు పొందమని వెంటనే హెచ్చరించాడు, నిజమే. ఆ హెచ్చరిక బతికున్నవాళ్లకు. చచ్చినవాళ్ల మీద తీర్పు కాదు.

శిక్ష అనలేనివాళ్లు “దేవుడు చేయలేదు, అనుమతించాడంతే” అని సర్దుకుంటారు. ఆ సర్దుబాటును ప్రొటెస్టంట్ సంస్కర్త కాల్విన్ ఒప్పుకోలేదు, జరిగేదంతా దేవుని చిత్తమేనన్నాడు. ఆయన నిజాయితీకి దండం పెడతాను, సిద్ధాంతానికి కాదు. దేవుని చిత్తం భూమ్మీద నెరవేరాలని క్రీస్తు నేర్పిన ప్రార్థనలో రోజూ అడుగుతున్నాం. జరిగేదంతా ఆయన చిత్తమే అయితే ఇక అడగడం దేనికి?

బైబిల్లో యోబు కష్టాల్లో పడ్డప్పుడు, అది పాపానికి శిక్షేనని అతని స్నేహితులు దేవుని పక్షానే వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీద. తన గురించి సరిగ్గా మాట్లాడినవాడు నిలదీసిన యోబేనని తేల్చాడు. ఆ స్నేహితులు మొదటి 7 రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. బోధకులారా, కారణం మీకు తెలియనప్పుడు ఆ మాత్రం చేయండి, చాలు.