సైన్సులోనూ కామందేనా?

ప్రశ్నించడమే సైన్సు అని బడిలో మన పిల్లలచేత వల్లె వేయిస్తారు. ఆ మాట నమ్మి పెద్ద చదువులకెళ్లిన మన పిల్లలకి ఏం జరిగిందో రోలుగుంట పేటల్లోని ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాలి.

హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. ఫిజిక్సు పీహెచ్‌డీ. గైడే దొరకలేదు. 2013లో మాదారి వెంకటేశ్. కెమిస్ట్రీ. ఆయనదీ గైడు గోడేనని విద్యార్థి సంఘాలు మొత్తుకున్నాయి. 2016 జనవరి 17న రోహిత్ వేముల. కార్ల్ సాగన్ లాగా సైన్సు రాయాలనుకున్నవాడు, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మనిషి. ఏడు నెలలు ఫెలోషిప్పు రాలేదు. మరో నలుగురు దళిత స్కాలర్లతో పాటు హాస్టలు నుంచి గెంటేశారు. ఆ అయిదుగురూ బయట గుడారం వేసుకుని పెట్టుకున్న పేరు వెలివాడ!

'చదువుకోడానికి పోయినోడికి ఈ గొడవలెందుకు?' అంటారు పెద్దమనుషులు. మెరిట్ లేదనీ అంటారు. జేఆర్ఎఫ్ కొట్టిన రోహిత్‌కి మెరిట్ లేదా? లేనిది మెరిట్ కాదు, మాట్లాడే హక్కు.

ఆ చదువు ఎలా నడుస్తుందో చూడండి. ల్యాబులో బల్ల కావాలంటే గైడు. నెలనెలా ఫెలోషిప్పుకి గైడు సంతకం. థీసిస్ ఇవ్వాలంటే ఆ సంతకమే. రేపు ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరమూ ఆయనదే. పాలేరు నోరెత్తితే గింజలు ఆగేవి. స్కాలరు నోరెత్తితే సంతకం ఆగుతుంది. తేడా ఏటి?

ఈ భయం అన్ని కులాల స్కాలర్లకీ ఉంది. కానీ వాళ్లలో కొందరికి ఇంటి దగ్గర భూమి ఉంటుంది, కొందరికి డిపార్టుమెంటులో చుట్టం ఉంటాడు. మనోడికి ఆ ఫెలోషిప్పే కూడు, ఇంటికి పంపే మనియార్డరూ అదే. అందుకే మనోడి నోరే ముందు మూతపడుతుంది. నోరు మూసుకున్న బుర్రలోంచి కొత్త సైన్సు పుడుతుందా? గైడుకి నచ్చిన లెక్కే పుడుతుంది. నష్టం దేశానికి కూడా.

2012లోనే యూజీసీ సమానత్వ నిబంధనలు రాసింది. ఆ తర్వాతే వెంకటేశ్ పోయాడు, రోహిత్ పోయాడు. కాయితం కాపాడలేదు.

మేం అడిగేది దయ కాదు. చేరిన నెలల్లోనే గైడుని ఇవ్వాలి. ఫెలోషిప్పు గైడు చేతి మీదుగా కాక నేరుగా పడాలి. విచారణ కమిటీల్లో మనవాళ్లు కూచోవాలి.

పేటల్లో తల్లిదండ్రులారా! పెద్ద చదువుకెళ్లే బిడ్డకి 'అణిగి ఉండరా' అని చెప్పకండి. 'అడగరా, నీ వెనక మేం ఉన్నాం' అని చెప్పండి. చెప్పి ఊరుకోకండి, వెనక నిలబడండి!