నల్లజీడికి చుట్టం దొరికింది

శనివారం పొద్దున మన కామాటిపుర దుకాణాలకు నిమ్మకాయ, మిరపకాయల దండ కడతారు. కొన్ని దండలకు కింద నల్లటి గింజ ఉంటది, చూసే ఉంటారు. మరాఠీవాళ్ళు బిబ్బా అంటరు, మన దిక్కు నల్లజీడి. దాని రసం బట్టకు అంటితే ఎంత ఉతికినా పోదు. అందుకే వెనకట ధోబీలు ఎవరి బట్ట ఎవరిదో తెలిసేటందుకు దానితోనే గుర్తు పెట్టేవాళ్ళు. ఒంటికి అంటితే మాత్రం పుండు పడతది, పిల్లలను దూరం ఉంచండి.

ఆ నల్లజీడికి దగ్గరి చుట్టం ఒకటి మన సహ్యాద్రి కొండల్లోనే, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉన్నది. ఆ చోటు పేరు కత్తలెకాను, అంటే చీకటి అడవి. అక్కడ అడవిజాజి చెట్లుండే బురదనేలలో ఈ చెట్టు పెరుగుతది. దాసప్ప, స్వామినాథ్ అనే ఇద్దరు 2000లో దానికి సెమెకార్పస్ కత్తలెకానెన్సిస్ అని పేరు పెట్టారు. మొదటి మాటకు గుర్తుపెట్టే కాయ అని అర్థం, రెండోది ఆ చోటు పేరు.

పేరు పెట్టుడంటే ఉత్తగ కాదు. కొమ్మ కోసి, ఎండబెట్టి, భద్రంగా దాచాలి. చుట్టాల చెట్లకూ దీనికీ తేడా ఏందో రాయాలి. అప్పట్లో ఆ రాత లాటిన్ భాషలో ఉండాలె.

ఎందుకింత తంటా? మిల్లులో బద్లీ మనిషి ఏండ్ల తరబడి పనిచేసినా మస్టర్ల పేరు ఎక్కకుంటే లెక్కలోకి రాడు. చెట్టూ అంతే. అట్లాంటి బురదనేలలు ఎన్నో పోకతోటలు, వరిమళ్ళు అయిపోయినయి. మిగిలిన చెట్లు బహు కొద్ది. పేరు ఎక్కింది కాబట్టి, పోతే ఏం పోయిందో అడిగేటందుకైనా మనకు ఒక మాట ఉన్నది.