వదినా, అది మీరు ముట్టుకోకండి

స్త్రీల లైంగికత గురించి స్త్రీలే నడుపుతున్న ఒక వెబ్ పత్రిక ఆగిపోయిందని నేనొక వ్యాసంలో రాశాను. ఆడవాళ్ళు ఈ విషయాల మీద నోరు విప్పిన చోటల్లా ఎంత త్వరగా తలుపులు మూతబడుతున్నాయో చెప్పడానికి దాన్ని ఉదాహరణగా చూపించాను. వ్యాసం అచ్చయింది. నలుగురూ బాగుందన్నారు. కానీ ఆ పత్రిక ఆగిపోలేదు. సంచికలు వస్తూనే ఉన్నాయి. ఆగిపోయింది మా ఇంట్లో, నా కంప్యూటర్లో మాత్రమే.

ఈ సంగతి బయటపెట్టింది నా దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. "పత్రిక ఉంది మేడమ్" అని తన ఫోన్లో తెరిచి చూపించింది. అదే పేరు నా కంప్యూటర్లో కొడితే ఎప్పటిలాగే సైట్ దొరకడం లేదని వచ్చింది. ఆ అమ్మాయి తెర మీద ఒక నల్లటి పెట్టె తెరిచి 'ఐపీకాన్ఫిగ్ ఆల్' అని కొట్టింది. బారులు తీరిన అంకెల్లో 'డీఎన్ఎస్ సర్వర్స్' అన్నచోట వేలు పెట్టి, "దీన్నెవరు మార్చారు మేడమ్?" అంది.

మార్చింది మా మరిది. పిల్లలు బడికి వెళ్ళే రోజుల్లో, వాళ్ళు చూడకూడనివి చూడకుండా ఉండాలని పెట్టిన జల్లెడ అది. పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. జల్లెడ నా గదిలో మిగిలిపోయింది.

దీని పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మనం ఒక సైట్ పేరు కొట్టగానే, ఆ పేరుకి చెందిన అంకెల చిరునామా ఏమిటని కంప్యూటర్ ముందు ఒకరిని అడగాలి. ఆ ఒకరే డీఎన్ఎస్ సర్వర్. ఎవరిని అడగాలో మామూలుగా రౌటరే చెబుతుంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో 'ఆటోమేటిక్' అన్నది తీసేసి వేరే అంకెలు రాసిపెడితే ఇక కంప్యూటర్ వాళ్ళనే అడుగుతుంది. పిల్లల భద్రత కోసమని నడిపే సర్వర్లు 'పెద్దలకు మాత్రమే' అన్న జాబితాలో ఉన్న సైట్ల చిరునామాలు చెప్పవు. అశ్లీలానికీ, ఆడది తన శరీరం గురించి తాను రాసుకున్నదానికీ తేడా ఈ జాబితాలకి చాలాసార్లు తెలియదు. మా ఇంట్లోని సర్వర్ 'ఇది నిషేధం' అని కూడా చెప్పలేదు. అసలు లేదంది. నేను నమ్మాను.

బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఈ కథ ఏటా తరగతిలో ఆవేశంగా చెప్పేదాన్ని. ఆ నిషేధానికి ఉత్తర్వు ఉంది, కాబట్టి ఎదిరించేవాళ్ళూ ఉన్నారు. నా గదిలోని నిషేధానికి ఉత్తర్వు లేదు, సంతకం లేదు. అది ఉందన్న సంగతే ఇన్నేళ్ళూ తెలియలేదు.

సరే, మారుద్దామని కూర్చుంటే కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. నా జీతంతో కొన్న కంప్యూటర్, నా గదిలో, నా బల్ల మీద ఉంది. అందులో నేను సాధారణ వినియోగదారుని. అడ్మినిస్ట్రేటర్ వేరే ఊళ్ళో ఉన్న మా మరిది. ఫోన్ చేస్తే నవ్వాడు. "అది మీరు ముట్టుకోకండి వదినా, ఏదైనా చెడితే మళ్ళీ కష్టం. సంక్రాంతికి వస్తాగా, చూస్తాను." ఎంత ఆప్యాయంగా అన్నాడో చెప్పలేను. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేనంత ఆప్యాయంగా.

అతన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. సగం నేరం నాది. ఆ రోజు పక్కన కూర్చుని ఏం చేస్తున్నావని అడగలేదు. "నాకవేం తెలీవు బాబూ, నెట్ వస్తే చాలు" అని టీ పెట్టడానికి వెళ్ళాను. మన సభల్లో, వర్క్‌షాపుల్లో ఎన్నిసార్లు వినలేదు ఈ మాట! "ఈ టెక్నికల్ గొడవలు మనకి రావండీ" అని ఒకరంటారు, మిగతావాళ్ళం నవ్వుతాం. "బాంకు పనులన్నీ మావారే చూస్తారు" అని చెప్పుకోవడానికి సిగ్గుపడే మనం, ఈ అజ్ఞానాన్ని మాత్రం సాహిత్యానికి గుర్తులా తగిలించుకు తిరుగుతున్నాం. ఇంటి పెత్తనం ఎవరిదో అత్తగారి బొడ్లోని తాళాలగుత్తిని బట్టి చెప్పగలిగినవాళ్ళం, రౌటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా చెప్తే ఒక మిత్రురాలు విసుక్కుంది. "వంట, పిల్లలు, ఉద్యోగం, రాత. ఇప్పుడు రౌటర్ కూడా మన నెత్తినేనా?" న్యాయమైన మాటే. కానీ ఇంటిపనుల్లో మగవాళ్ళు అడక్కుండానే ముందుకొచ్చే పని ఏదో ఒక్కసారి చూడండి. "ఆ అంట్లు మీరు ముట్టుకోకండి వదినా" అని ఏ మరిదీ ఇంతవరకు అనలేదు. పది నిమిషాల పనికి పదేళ్ళ అధికారం వస్తుంటే దాన్ని చాకిరీ అనలేం.

ఇది ఆడవాళ్ళ తలకెక్కే విద్య కాదన్న మాట కూడా అబద్ధమే. డీఎన్ఎస్ 1983లో వచ్చింది. అంతకు ముందు అమెరికాలోని ఆర్పానెట్‌లో ఏ పేరుకి ఏ అంకె అన్న పట్టికను నిర్వహించింది స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన కార్యాలయం. పేర్లు కావలసినవాళ్ళు అక్కడికే రావాలి. రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన పద్ధతి వల్లే నెట్‌వర్కుల్లో సమాచారం గుండ్రంగా తిరుగుతూ చిక్కుకుపోకుండా ఉంది.

కంప్యూటరున్న ఆడవాళ్ళ గోడు ఇది అని దళిత, బహుజన మిత్రులు అంటే ఒప్పుకుంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8. తెలంగాణలో 26.5, 57.4. కానీ ఆ 21లో చేరిన మనకే తాళం చేతికి రాకపోతే, చేరడమంటే ఏమిటి?

జల్లెడ ఒక్కటే కాదు. చాలా ఇళ్ళలో బ్రౌజర్లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే రౌటర్ పేజీ వస్తుంది. ఇంట్లో ఏయే ఫోన్లు, కంప్యూటర్లు నెట్‌కి తగిలించి ఉన్నాయో అందులో తెలుస్తుంది. కొన్ని రౌటర్లలో ఏ వేళ ఏ సైట్ పేరు అడిగారో కూడా నమోదవుతుంది. మనం చదివినదీ రాసినదీ కనపడకపోవచ్చు, వెళ్ళిన చోటి పేరు చాలదూ? దెబ్బలు తింటూ రాత్రిపూట సహాయం కోసం వెతుక్కునే స్త్రీకి ఇది ప్రాణాపాయం. అలాంటి ఇంట్లో సెట్టింగులు మార్చినా అవతలివాడికి తెలిసిపోవచ్చు, బయటి కంప్యూటర్ వాడడమే మేలు. అన్నట్టు ఈ 192.168 అంకెల్ని సాంకేతిక భాషలో 'ప్రైవేట్' చిరునామాలంటారు. ఇంటి ప్రైవసీ అన్నమాట, ఇంట్లో మనిషిది కాదు.

పాస్‌వర్డ్ మూడో ఫోన్‌కి వచ్చింది. ఆ అమ్మాయి మార్చబోతే ఆపి, నేనే మార్చాను. మళ్ళీ పాతదే పెట్టి, మళ్ళీ తీశాను, చెయ్యి అలవాటు పడాలని. తర్వాత అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కూడా మార్చేశాను. ఆ విషయం మరిదికి ఇంకా చెప్పలేదు. నా వ్యాసం వేసిన పత్రికకి సవరణ రాసి పంపాను. 'పత్రిక నడుస్తోంది, పొరపాటు నాది' అని రాశాను గానీ పొరపాటు ఎలా జరిగిందో రాయడానికి అప్పుడు మొహం చెల్లలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఈసారి మన రచయిత్రుల సమావేశంలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట నాకివ్వండి. లాప్‌టాప్‌లు తెచ్చుకోండి. ముందుగా ఒకటే అడుగుతాను: ఎవరికీ ఫోన్ చెయ్యకుండా మీ ఇంటి రౌటర్ పాస్‌వర్డ్ చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది?