ఇంగ్లీషు తొలిపాఠం – జపాను అనుభవం

ఇంగ్లీషు నేర్వగోరే విద్యార్థి మాతృభాషను తరగతి గుమ్మం వద్దనే విడిచి రావాలని శాసించే పండితులు మనలో తక్కువేమీ కాదు. ఈ వాదాన్ని మేము అంగీకరించలేము. జపాను దేశపు అనుభవమే మాకు సాక్ష్యం.

జపాను భాషలో క్రియ వాక్యాంతాన నిలుస్తుంది. 'వతాషి వ మిజు ఓ నోమిమాస్' అంటే 'నేను నీళ్ళను తాగుతాను' అని. ఆ 'ఓ' మన ద్వితీయా విభక్తి వంటిది. 'టోక్యో ని' అంటే 'టోక్యోకు'. తెలుగువారికీ, 'మైఁ పానీ పీతా హూఁ' అనే ఉర్దూవారికీ ఈ వరుస పరాయిది కాదు. ఇంగ్లీషులోనో, 'డ్రింక్' నీటికంటె ముందుకు వస్తుంది. 'టు' ఊరిపేరుకు ముందు నిలుస్తుంది. పైగా 'ఏ', 'ది' అనేవి జపాను భాషలో లేనే లేవు. రెండు వాక్యాలను పక్కపక్కన వ్రాసి, ఈ భేదాన్ని బాలునికి అతని భాషలోనే చెప్పడంలో దోషమేమిటి?

అయితే అక్కడ ఒక అతి కూడా జరిగింది. చీనా గ్రంథాలను గుర్తులు పెట్టుకొని, పదాల వరుస మార్చి చదవడం జపానులో ప్రాచీనాచారం. ఇంగ్లీషును కూడా చిరకాలం అదే తీరున చదివించారు. చదువు వచ్చింది గాని నోరు పెగలలేదు. 1922లో జపాను వెళ్ళిన హెరాల్డ్ పామర్ ముందుగా చెవికీ నోటికీ పని కల్పించాలని వాదించింది అందుకే.

నిత్యవ్యవహారపు మాటలను మాత్రం సందర్భంతోనే నేర్పాలి. జపానువారు 'సుమిమాసెన్' అనే ఒక్క మాటతో క్షమాపణ కోరుతారు, హోటలులో మనిషిని పిలుస్తారు, కృతజ్ఞత కూడా తెలుపుతారు. ఇంగ్లీషులో వాటికి 'సారీ', 'ఎక్స్‌క్యూజ్ మీ', 'థాంక్యూ' అని మూడు మాటలు. 'భోజనం చేయలేదా?' అని అడిగితే, చేయని జపాను అతిథి 'హై' అంటాడు. 'అవును, చేయలేదు' అని అతని భావం. దానినే 'యెస్' అని అనువదించాడో, ఇంగ్లీషు గృహస్థు అతడు తిన్నాడనుకుంటాడు, పాపం అతిథికి పస్తు తప్పదు! మనవారు ఈ విషయంలో జపానువారికి తీసిపోరు.

1924లో జపాను చేరిన ఎ.ఎస్. హార్న్‌బీ ఇటువంటి చిక్కులను చూసే, సహచరులతో కలిసి నిఘంటువు కూర్చారు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు చేపట్టారు. మన గ్రంథాలయాల్లోని 'ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ'కి మూలం అదే. ఏ నామవాచకాన్ని లెక్కించవచ్చో, ఏ క్రియ వెంట ఏ నిర్మాణం రావాలో అందులో చూపారు. ఆంగ్ల శిశువుకు ఆ సమాచారం అక్కరలేదు, జపాను బాలునికీ మన బాలునికీ కావాలి. మన విద్యార్థి 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అని వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసి ఊరుకుంటాము. 'నాకు ఇవ్వండి' అన్నప్పుడు 'గివ్ మీ' చాలుననీ, 'నాకు వివరించండి' అన్నప్పుడు మాత్రం మన 'కు'కు బదులుగా 'టు' రావాలనీ ఎవరైనా అతనికి తెలుగులో చెప్పారా?